న్యాయవాదుల క్రమశిక్షణ సంఘంలో లే మెంబర్ల నియామకం: ఫైలు తెరిచిన రోజు నుంచి పదవీకాలం ముగిసేదాకా

లే మెంబర్‌ను, అంటే న్యాయవాదుల మీద ఫిర్యాదులు విచారించే బెంచిలో కూర్చునే, న్యాయవాది కాని సభ్యుడిని, ఎలా ఎంపిక చేయాలని అడిగేవారు ఎక్కువగా ఇంటర్వ్యూ గురించే అడుగుతారు. నియామకాలు కోర్టుకెక్కేది మాత్రం ఇంటర్వ్యూ వల్ల కాదు. అర్హత నిర్వచనం సరిగ్గా రాసుకోకపోవడం, ఉత్తర్వులో తేదీలు తేడాగా ఉండటం, గడువు తీరిన సభ్యుడు బెంచి మీద కూర్చోవడం, ఫిర్యాదు నడిపే విభాగంతో సంబంధమున్న మనిషి తీర్పులో పాలుపంచుకోవడం: చిక్కులన్నీ ఇక్కడే. అందుకే ఈ వ్యాసంలో ఇంటర్వ్యూకి ముందూ తరవాతా జరిగే పనికే ఎక్కువ చోటిచ్చాం.

ఇది నియామకం చేసేవారి కోసం: నియంత్రణ సంస్థ కార్యదర్శి, ట్రిబ్యునల్ రిజిస్ట్రార్, ఎంపిక కమిటీ సభ్యులు. మొత్తం పనికి ఆరు నుంచి ఏడు నెలలు పెట్టుకోండి. మూడు నెలల్లో ముగించాలని చూస్తే తెగిపోయేది పూర్వాపరాల తనిఖీ, శిక్షణే.

1. నియమించే అధికారం ఎవరిదో తేల్చుకోండి

చట్టం, దాని కింద నియమాలు, సంస్థ సొంత తీర్మానాలు ముందు పెట్టుకుని నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు రాసుకోండి: ఎవరు నియమిస్తారు, ఎవరు సిఫారసు చేస్తారు, బెంచిలో ఎందరుండాలి, వారిలో న్యాయవాదులు కానివారు ఎందరు.

ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఇంగ్లండ్, వేల్స్‌లో సొలిసిటర్ల (క్లయింట్లతో నేరుగా పనిచేసే న్యాయవాదుల) క్రమశిక్షణ ట్రిబ్యునల్ సభ్యులను, 1974 సొలిసిటర్ల చట్టం 46వ సెక్షన్ ప్రకారం, మాస్టర్ ఆఫ్ ద రోల్స్ అనే సీనియర్ జడ్జి నియమిస్తారు. బెంచిలో కనీసం ముగ్గురుండాలి, ఒక్క లే మెంబరైనా ఉండాలి, సొలిసిటర్లే ఎక్కువమంది ఉండాలి. ఐర్లండ్‌లో లెక్క తిరగబడుతుంది. 2015 నాటి న్యాయ సేవల నియంత్రణ చట్టం కింద ఏర్పడిన ట్రిబ్యునల్‌లో 33 మంది సభ్యులైతే వారిలో 21 మంది లే మెంబర్లు. మంత్రి పేర్లు ప్రతిపాదిస్తే హైకోర్టు ప్రెసిడెంట్ నియమిస్తారు. న్యూజిలాండ్‌లో న్యాయవాది సభ్యులను లాయర్ల సంస్థ అయిన లా సొసైటీ వేస్తుంది. లే మెంబర్లను మాత్రం మంత్రి సిఫారసు మీద గవర్నర్ జనరల్ నియమిస్తారు.

భారత్‌లో 1961 అడ్వకేట్ల చట్టం 9వ సెక్షన్ ప్రకారం క్రమశిక్షణ కమిటీలో ముగ్గురే. ఇద్దరు బార్ కౌన్సిల్ తన సభ్యుల్లోంచి ఎన్నుకున్నవారు, మూడోవారు కౌన్సిల్ బయటినుంచి కో-ఆప్ట్ చేసుకున్న (తానే ఎంచి చేర్చుకున్న) అడ్వకేటు. అంటే చట్టం మారితే తప్ప లే మెంబర్‌కు కుర్చీ లేదు. ఇలాంటి చోట్ల ‘ఓటు లేకుండా పరిశీలకుడిగా కూర్చోబెడదాం’ అన్న ఆలోచన వస్తుంటుంది. చర్చల గదిలో చట్టం గుర్తించని మనిషి ఉన్నాడన్నదే అప్పీలుకు మొదటి పాయింటవుతుంది. ఆ దారి వద్దు.

ప్రభుత్వమే నేరుగా నియమించే పద్ధతైతే ఇంకో జాగ్రత్త అవసరం. న్యాయవాదుల పాత్రపై 1990లో వచ్చిన ఐక్యరాజ్యసమితి మూల సూత్రాల్లో 28వది, క్రమశిక్షణ విచారణ నిష్పాక్షిక కమిటీ, స్వతంత్ర చట్టబద్ధ సంస్థ, కోర్టు, వీటిలో ఏదో ఒకదాని ముందు జరగాలంటుంది. మంత్రి తనకు నచ్చినవారిని వేసి, నచ్చనప్పుడు తీసేయగలిగితే ఆ స్వతంత్రత నిలవదు. సిఫారసు చేసే కమిటీని వేరుగా పెట్టేది అందుకే.

2. లే మెంబర్ అంటే ఎవరో కాగితం మీద పెట్టండి

ఇంగ్లండ్ చట్టం చెప్పేది చాలా పొట్టిగా ఉంటుంది: సొలిసిటరూ బారిస్టరూ (కోర్టులో వాదించే న్యాయవాది) కానివారు. రోజువారీ పనికి అంత పొట్టి మాట చాలదు. ఈ కింది ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, ముందే జవాబు ఉండాలి:

- లా చదివి, ఎన్నడూ ఎన్‌రోల్ కానివారు?
- వేరే దేశంలో లాయరుగా ఉండి మానేసినవారు?
- రిటైరైన జడ్జి?
- లా కాలేజీ ప్రొఫెసరు?
- న్యాయవాద సంస్థలో అకౌంటెంటు, క్లర్కు?
- భార్యో భర్తో లాయరుగా ఉన్నవారు?
- నియంత్రణ సంస్థలో ఇదివరకు పనిచేసినవారు?

మా అభిప్రాయంలో రిటైరైన జడ్జిని లే మెంబర్ కుర్చీలో కూర్చోబెట్టకూడదు. అధ్యక్ష స్థానం విడిగా ఉంటే అక్కడ వేసుకోవచ్చు. లా ప్రొఫెసరు మాట అంత సులువు కాదు. సాంకేతికంగా ఆయన లే మెంబరే కావచ్చు, కానీ ఆయన పాఠం విన్నవాళ్లే ఆయన ముందు వాదిస్తారు, వాళ్లే నిందితులుగా వస్తారు. చట్టం అనుమతించినా పక్కన పెట్టడమే మేలు. లా చదివి వేరే వృత్తిలో స్థిరపడినవారితో అంత ఇబ్బంది ఉండదు.

నిర్వచనం ఇలా రాసుకోవచ్చు:

“ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా న్యాయవాదిగా నమోదైనవారు లేదా న్యాయాధికారిగా పనిచేసినవారు, గత 5 ఏళ్లలో న్యాయవాద సంస్థ నుంచి గానీ వృత్తి నియంత్రణ సంస్థ నుంచి గానీ జీతం తీసుకున్నవారు లే మెంబర్ పదవికి అర్హులు కారు. కుటుంబంలో న్యాయవాది ఉన్నవారు ఆ వివరాన్ని దరఖాస్తులోనే వెల్లడించాలి.”

చివరి వాక్యంలో నిషేధం లేదు, వెల్లడి మాత్రమే ఉంది. పెదనాన్న కొడుకు లాయరైనంత మాత్రాన మనిషిని కాదనుకుంటే ఎవరూ మిగలరు. ఇంకో సంగతి: చట్టమే లే మెంబర్‌ను నిర్వచించి ఉంటే, దానికి మించిన షరతులను ‘అర్హత’గా రాయకండి, ‘ఎంపిక ప్రమాణాలు’గా రాయండి. చట్టం అర్హుడన్న మనిషిని సంస్థ తీర్మానం అనర్హుడిని చేయలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఫిర్యాదు నడిపేవారినీ తీర్పు చెప్పేవారినీ వేరుగా ఉంచడం. ఇంగ్లండ్‌లో 2005 నాటి ఒక బారిస్టరు కేసు దీనికి పాఠం. కేసు పెట్టాలా వద్దా నిర్ణయించే బార్ కౌన్సిల్ కమిటీలో లే మెంబర్‌గా ఉన్న వ్యక్తే ఆ బారిస్టరు అప్పీలు విన్న బెంచిలోనూ కూర్చున్నారు. ఆ ఫలానా కేసు నిర్ణయంలో ఆ వ్యక్తి ప్రమేయం లేదు. అయినా ప్రాసిక్యూటరుగా (ఫిర్యాదు తరఫున కేసు నడిపే పక్షంగా) ఉన్న కమిటీలో సభ్యత్వమే అనర్హతకు చాలని తీర్పొచ్చింది. కాబట్టి ఫిర్యాదుల పరిశీలన కమిటీ, ప్రాసిక్యూషన్ కమిటీ, సంస్థ పాలక మండలి, వీటిలో దేనిలోనూ ఇప్పుడు సభ్యత్వం ఉండకూడదని నిర్వచనం పక్కనే రాయండి. మానేసినవారికి కనీసం రెండేళ్ల విరామం పెట్టండి.

3. ఎంతమంది కావాలో లెక్క వేయండి

‘ఐదుగురిని తీసుకుందాం’ అని ఉజ్జాయింపుగా మొదలుపెట్టిన చోట మూడో నెలకే విచారణలు వాయిదా పడతాయి. లెక్క ఇలా వేయాలి. అంకెలు ఉదాహరణకే:

- ఏడాదికి విచారణలు 40, సగటున ఒక్కోటి రెండున్నర రోజులు: 100 రోజులు
- ప్రతి విచారణకు ముందు ఫైలు చదవడానికి ఒక రోజు: 40 రోజులు
- నిర్ణయం ముసాయిదా చూసి అభిప్రాయం చెప్పడానికి అర రోజు: 20 రోజులు
- బెంచికి ఒక లే మెంబరైతే మొత్తం 160 రోజులు
- ఒక్కొక్కరు ఏడాదికి 20 రోజులు ఇవ్వగలిగితే 8 మంది
- ప్రయోజన వైరుధ్యం, అనారోగ్యం, ప్రయాణాల కోసం నాలుగో వంతు అదనం: 10 మంది

బెంచికి ఇద్దరు లే మెంబర్లయితే ఇది రెట్టింపవుతుంది. లాయర్ల సంఖ్య తక్కువగా ఉండి అందరికీ అందరూ తెలిసిన చోట నాలుగో వంతు చాలదు, మూడో వంతు పెట్టుకోండి.

ఎక్కువ మందిని తీసుకోవడమూ తప్పే. ఏడాదికి ఒక్క కేసు కూడా రాని సభ్యుడు శిక్షణలో విన్నదంతా మరిచిపోతాడు.

4. పదవీకాలం, చెల్లింపు

నాలుగేళ్లు, ఒక్కసారి పునర్నియామకం. ఇది చాలా చోట్ల సరిపోయే కొలత. రెండేళ్లయితే మనిషి పని నేర్చుకునేసరికి గడువు తీరుతుంది. పరిమితి లేకపోతే లే మెంబరు మెల్లగా ఆ వృత్తి మనిషే అయిపోతాడు.

మొదటి బ్యాచ్ అందరికీ ఒకే గడువు పెట్టకండి. పది మందైతే నలుగురికి నాలుగేళ్లు, ముగ్గురికి మూడేళ్లు, ముగ్గురికి రెండేళ్లు ఇవ్వండి. లేదంటే నాలుగేళ్ల తరవాత ఒకే రోజున అనుభవమంతా గుమ్మం దాటిపోతుంది. ఎవరికి ఎన్నేళ్లన్నది లాటరీతో తేల్చి, ఆ సంగతి మినిట్స్‌లో రాయండి.

చెల్లింపులో చదివే రోజుకూ ఫీజు ఉండాలి. విచారణ రోజుకే డబ్బిచ్చి మూడు వందల పేజీల ఫైలు ఉచితంగా చదవమంటే సగమే చదివి వస్తారు, దాని ఫలితం నిర్ణయంలో కనిపిస్తుంది. విచారణ ఆఖరి నిమిషంలో రద్దయితే ఎంతిస్తారో ముందే చెప్పండి. ఒకే బెంచిలో న్యాయవాది సభ్యుడికీ లే మెంబర్‌కూ వేరు వేరు రేట్లు పెట్టకండి, బెంచిలో ఎవరి మాటకు విలువ తక్కువో ఆ రేటే చెప్పేస్తుంది. ఈ డబ్బు ప్రాసిక్యూషన్ పద్దు నుంచి కాక ట్రిబ్యునల్ పద్దు నుంచే రావాలి.

5. ఎంపిక కమిటీ

ముగ్గురు లేదా ఐదుగురు. అధ్యక్షత న్యాయవాది కానివారికి ఇవ్వండి. ప్రాసిక్యూషన్ విభాగాధిపతిని కమిటీలో వేయకండి, సలహాదారుగా కూడా వద్దు.

దరఖాస్తుదారుల పేర్లు చూసిన తరవాత కమిటీలో ప్రతివారూ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాలి: వీరిలో ఎవరెవరు తెలుసు, ఎలా తెలుసు. ముందే పెట్టించుకున్న సంతకానికి విలువ లేదు, ఎందుకంటే అప్పటికి పేర్లే తెలియవు.

‘నాకు తెలిసిన అభ్యర్థి వచ్చినప్పుడు బయటికి వెళ్తాను’ అంటే సరిపోతుందా? సరిపోదు. 1969 నాటి క్రైపాక్ కేసులో భారత సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. ఎంపిక బోర్డులో కూర్చున్న అధికారే ఒక అభ్యర్థి. తన పేరు వచ్చినప్పుడు ఆయన తప్పుకున్నారు, పోటీదారుల విషయంలో మాత్రం కూర్చున్నారు. ఎంపికను కోర్టు కొట్టేసింది. దగ్గరి సంబంధం ఉంటే ఆ రౌండంతా తప్పుకోవాల్సిందే. ఒకరిని రిజర్వులో పెట్టుకుంటే పని ఆగదు.

6. ప్రకటన, దరఖాస్తు ఫారం

ప్రకటనను న్యాయవాద పత్రికల్లోనే వేస్తే లాయర్ల స్నేహితులే దరఖాస్తు చేస్తారు. సాధారణ దినపత్రికలు, వినియోగదారుల సంఘాలు, వైద్య, ఇంజినీరింగ్, అకౌంటింగ్ వృత్తి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు: వీటన్నిటికీ పంపండి. కనీసం నాలుగు వారాల గడువివ్వండి.

ప్రకటనలో ఉండాల్సినవి:

- ఏడాదికి ఎన్ని రోజుల పని, వాటిలో ఇంటి దగ్గర చదివేవి ఎన్ని
- ఫీజు, ప్రయాణ ఖర్చులు
- పదవీకాలం, పునర్నియామకం
- ఎవరు అర్హులు కారు
- ఎంపిక దశలు, ఇంటర్వ్యూ జరిగే తేదీలు
- శిక్షణ తేదీలు (ఆ రోజుల్లో రాలేనివారు దరఖాస్తు చేయనక్కర్లేదు)

‘న్యాయ పరిజ్ఞానం ఉన్నవారికి ప్రాధాన్యం’ అన్న వాక్యం ఎలాగోలా దూరిపోతుంటుంది. తీసేయండి. బెంచిలో న్యాయం తెలిసినవారు ఇప్పటికే ఉన్నారు.

ఫారంలో నాలుగు ప్రశ్నలు చాలు, ఒక్కోదానికి 250 పదాల జవాబు. బాగా పనికొచ్చే ప్రశ్న ఒకటి: “మీకు మొదట అనిపించిన దానికి విరుద్ధంగా సాక్ష్యం ఉంటే, సాక్ష్యాన్ని బట్టి నిర్ణయం మార్చుకున్న ఒక సందర్భం రాయండి. ఏ సాక్ష్యం, ఎప్పుడు, ఫలితం ఏమిటి?” ‘నేను నిష్పక్షపాతిని’ అని రాసినవారికీ సందర్భం చెప్పినవారికీ తేడా మొదటి రెండు వాక్యాల్లోనే తెలిసిపోతుంది.

సంబంధాల వెల్లడి ఫారం విడిగా పెట్టండి. అది మార్కులు వేసేవారి చేతికి వెళ్లకూడదు.

7. షార్ట్‌లిస్ట్

ప్రతి దరఖాస్తునూ ఇద్దరు విడివిడిగా చదివి, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 మార్కులు వేయాలి. పేరు, వయసు, చిరునామా కప్పేయండి. ఇద్దరి మార్కుల మధ్య తేడా రెండు, ఆపైన ఉంటే మూడోవారు చదవాలి. కటాఫ్ ఎంతో కవర్లు తెరవకముందే నిర్ణయించి మినిట్స్‌లో రాయాలి. ఖాళీకి ముగ్గురి చొప్పున పిలిస్తే చాలు.

8. ఇంటర్వ్యూ: ఒక చిన్న ఫైలు చేతికివ్వండి

అరగంట మాటల కంటే పన్నెండు పేజీల నమూనా ఫైలు ఎక్కువ చెబుతుంది. చదవడానికి 40 నిమిషాలు, తరవాత 30 నిమిషాల ప్రశ్నలు. ఫైలు కల్పితమే అయి ఉండాలి, పాత కేసు పేర్లు మార్చి వాడకండి, గుర్తుపట్టేస్తారు.

ఇలాంటి ఫైలు పనికొస్తుంది. ప్రమాద పరిహారం సొమ్ము లాయరు దగ్గరి క్లయింట్ల ఖాతాలో పడింది. క్లయింటు చేతికి చేరింది 94వ రోజున. క్లర్కు జబ్బుపడ్డాడని లాయరు జవాబు, దానికి ఆస్పత్రి కాగితం జత చేశాడు. తొమ్మిదో పేజీలో బ్యాంకు స్టేట్‌మెంటు ఉంది. డబ్బు పడ్డ పదకొండో రోజున అదే ఖాతా నుంచి లాయరు ఆఫీసు అద్దె వెళ్లింది. ఫిర్యాదులో మాత్రం ఆలస్యం గురించే ఉంది, అద్దె ఊసే లేదు.

అభ్యర్థిని అడగాల్సినవి మూడే: ఏది రుజువైంది, ఏది కాలేదు, ఇంకా ఏం అడుగుతారు.

మంచి జవాబు ఇలా నడుస్తుంది: క్లర్కు జబ్బు ఆలస్యానికి కారణం కావచ్చు, అద్దె చెల్లింపుకు కారణం కాదు. అదే సమయంలో ఆ ఖాతాలో లాయరుకు రావాల్సిన ఫీజు కూడా కలిసి ఉందేమో తెలియదు, క్లయింటు అనుమతి ఉందేమో తెలియదు. అభియోగంలో లేని విషయం మీద శిక్ష వేయొచ్చా అని ఆగి అడిగినవారికి ఇంకో మార్కు. చట్టం తెలియక్కర్లేదు, ఆ అనుమానం రావడమే కావాలి.

పనికిరాని జవాబులు రెండు రకాలు. ‘లాయర్లంతా ఇంతే’ అనేవారు ఒకరు, ‘అంత పేరున్న లాయరు అలా చేయడు’ అనేవారు ఇంకొకరు. రెంటికీ సున్నాయే.

తరవాత ఒక చిన్న పరీక్ష. కమిటీలో ఒకరు బెంచిలోని సీనియర్ లాయరుగా నటించి, కాస్త విసుగ్గా, “మా వృత్తిలో ఇది మామూలేనండీ, దీన్ని పెద్దది చేయకండి” అనాలి. అభ్యర్థి ఏం చేస్తారో చూడండి. “అలాగాండీ” అని వెనక్కి తగ్గితే బెంచి మీదా అదే చేస్తారు. గొంతు పెంచితే చర్చ నడవదు. “మామూలని ఏ నియమంలో ఉంది సార్? క్లయింటుకు ఆ సంగతి చెప్పారా?” అని అడిగేవారు మీకు కావాల్సినవారు. లే మెంబర్‌ను పెట్టేదే ఈ ప్రశ్న కోసం.

మార్కుల కాగితం మీద కారణం రాయకుండా అంకె ఒక్కటే వేయనివ్వకండి. ఎంపిక కానివారు ఎందుకని అడిగినప్పుడు చూపించేది అదే.

9. పూర్వాపరాల తనిఖీ

ఎంపికైనట్టు చెప్పే ముందే ఇది పూర్తి కావాలి.

- గుర్తింపు, చిరునామా పత్రాలు
- పెండింగ్ క్రిమినల్ కేసులు, శిక్షలు, దివాలా
- సొంత వృత్తిలో ఎదుర్కొన్న క్రమశిక్షణ చర్యలు
- న్యాయవాదుల మీద తానుగా పెట్టిన ఫిర్యాదులు
- ఇప్పుడు నడుస్తున్న సొంత కేసులు, వాటిలోని లాయర్ల పేర్లు
- సోషల్ మీడియాలో బహిరంగంగా రాసిన వ్యాఖ్యలు
- ఇద్దరు రెఫరీల రాతపూర్వక అభిప్రాయం (వారిలో ఎవరూ లాయరు కాకూడదు)

ఎప్పుడో ఒక లాయరు మీద ఫిర్యాదు చేసి, అది ముగిసిపోయి ఉంటే అడ్డంకి కాదు, రికార్డు చేస్తే చాలు. ఆ ఫిర్యాదు ఇంకా నడుస్తుంటే అది తేలేదాకా నియమించకండి.

10. నియామక ఉత్తర్వు

ఉత్తర్వు ముసాయిదాను పాత ఫైలు నుంచి కాపీ కొట్టడం వల్లే తేదీల తప్పులు వస్తాయి. కొత్తగా రాయండి. ఉండాల్సినవి:

- నియమించిన అధికారి, ఏ సెక్షన్ కింద
- మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, రెండూ అంకెల్లో (‘నాలుగేళ్లపాటు’ అని వదిలేయకండి)
- పునర్నియామకం హక్కు కాదన్న మాట
- తొలగింపుకు కారణాలు, పద్ధతి
- ఫీజు, ఖర్చులు
- గోప్యత, వెల్లడి బాధ్యతలు
- విధి నిర్వహణలో చేసిన పనికి తన మీద దావా పడితే ఖర్చు ఎవరిది

చట్టం ఒప్పుకునే చోట ఈ వాక్యం తప్పక చేర్చండి: “పదవీకాలం ముగిసేనాటికి సాక్ష్యం నమోదు మొదలైన కేసుల్లో మాత్రం తుది నిర్ణయం, శిక్ష ఖరారయ్యేదాకా సభ్యులుగా కొనసాగుతారు.” ఇది లేక సగంలో ఆగిన విచారణ మళ్లీ మొదటి నుంచి నడపాల్సి వస్తే, సాక్షులను రెండోసారి పిలవాలి.

ప్రమాణం ఉంటే అది మొదటి విచారణకు ముందే జరగాలి, సంతకం తేదీ కూడా దానికి ముందే ఉండాలి. వెనకటి తేదీ వేసి సర్దడం అసలు తప్పు కంటే పెద్ద తప్పు.

11. శిక్షణ

రెండు రోజుల తరగతి, ఒక విచారణను వెనక కూర్చుని చూడటం, మొదటి మూడు కేసులకు అనుభవమున్న ఒక సభ్యుడి తోడు. ఇంతకంటే తగ్గించకండి.

తరగతిలో చెప్పాల్సినవి: వృత్తి నియమావళి, క్లయింటు సొమ్ము లెక్కలు చదవడం, సాక్షిని ప్రశ్నించే హద్దులు, కారణాలతో నిర్ణయం రాయడం, శిక్షల వరస (మందలింపు నుంచి పేరు తొలగింపు దాకా), రుజువు స్థాయి.

చివరిదాని మీద సమయం పెట్టండి. కొత్తవారు ఎక్కువగా తడబడేది అక్కడే, పైగా అది మారుతుంటుంది కూడా. ఇంగ్లండ్ సొలిసిటర్ల ట్రిబ్యునల్ చాలాకాలం క్రిమినల్ కేసుల స్థాయి రుజువే అడిగింది. 2019 నవంబర్ 25న అమల్లోకి వచ్చిన నియమాలతో సివిల్ స్థాయికి, అంటే ‘జరగకపోవడం కంటే జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువ’ అన్న కొలతకు మారింది. మారిన రోజుకు ముందు పెట్టిన కేసులకు ఏది వర్తిస్తుందో శిక్షణ కాగితంలో రాసి ఉండాలి. పాత స్లైడ్లు అలాగే వాడితే సభ్యుడు తప్పు కొలతతో తూకం వేస్తాడు.

శిక్షణంతా ప్రాసిక్యూషన్ లాయర్లతోనే ఇప్పించకండి. నిందితుల తరఫున వాదించేవారు ఒక పూటైనా మాట్లాడాలి.

12. కేసుల కేటాయింపు

జాబితాలో వరసగా పేరు వచ్చినవారికే కేసు వెళ్లాలి. ‘ఆవిడ చాలా గట్టి మనిషి, ఈ కేసుకు బాగుంటుంది’ అని రిజిస్ట్రీలో ఎవరైనా అనడం మొదలైతే అది బెంచిని ఎంచుకోవడమే. వరస తప్పితే కారణం రిజిస్టరులో రాయాలి.

విచారణకు పది రోజుల ముందు సభ్యుడికి పేర్ల జాబితా పంపండి: నిందితుడు, ఫిర్యాదీ, సాక్షులు, రెండు వైపుల లాయర్లు, వారి సంస్థలు. ‘తెలుసు’ అన్న జవాబొస్తే కొలత ఒక్కటే. విషయాలన్నీ తెలిసిన, నిష్పాక్షికంగా ఆలోచించే బయటి మనిషికి ఇందులో పక్షపాతానికి నిజమైన అవకాశం కనిపిస్తుందా? 2001లో పోర్టర్ వర్సెస్ మాగిల్ కేసులో అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ స్థిరపరిచిన కొలత ఇది. సభ్యుడు మనసులో ఎంత నిజాయతీపరుడన్న ప్రశ్న ఇందులో లేదు. అనుమానముంటే తప్పుకోవడమే చవక.

చర్చల గదిలో లే మెంబర్‌ను మొదట మాట్లాడనివ్వమని అధ్యక్షులకు ముందే చెప్పి ఉంచండి. ఇద్దరు లాయర్లు మాట్లాడాక మూడో మనిషికి మిగిలేది తలూపడమే.

13. గడువు రిజిస్టరు

ఇంగ్లండ్‌లో బారిస్టర్ల క్రమశిక్షణ ట్రిబ్యునళ్లకు సభ్యులను పంపే జాబితాలో కాలపరిమితి దాటినవారు కూడా ఉన్నారని, వారు బెంచీల్లో కూర్చున్నారని బయటపడింది. శిక్ష పడ్డ బారిస్టర్లు కోర్టుకెళ్లారు. 2014లో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఆ కారణంగా నిర్ణయాలు చెల్లకుండా పోవని తేల్చింది. కానీ అందాకా ఆ కేసులన్నీ గాల్లో వేలాడాయి. ఒక రిజిస్టరు సరిగ్గా ఉంటే ఆ వ్యాజ్యమే ఉండేది కాదు.

రిజిస్టరులో ఆరు గళ్లు చాలు: పేరు, ఉత్తర్వు సంఖ్య, మొదలు తేదీ, ముగింపు తేదీ, చేతిలో ఉన్న కేసులు, చివరి వెల్లడి ఇచ్చిన తేదీ. గడువుకు తొమ్మిది నెలల ముందు పునర్నియామకం మదింపు మొదలుపెట్టండి. ఆరు నెలల ముందు కొత్త ప్రకటన అవసరమో తేల్చండి. మూడు నెలల ముందు నుంచి ఆ సభ్యుడికి పొడవైన కేసులు ఇవ్వకండి. కేటాయింపు చేసే గుమాస్తా ప్రతిసారీ ముగింపు తేదీ చూసి పొడి సంతకం పెట్టాలి.

పునర్నియామకానికి హాజరు, ఫైలు చదివి వస్తున్నారా లేదా, తోటి సభ్యుల అభిప్రాయం చూడండి. ఎన్ని కేసుల్లో శిక్షకు ఓటేశారన్న లెక్క తీయకండి. ఆ లెక్క ఎవరి చేతికైనా వెళ్లిందంటే నియామకం మొత్తానికి మచ్చ.

తొలగింపు నియమించిన అధికారి చేతిలోనే ఉండాలి. అసమర్థత, దుష్ప్రవర్తన, అర్హత కోల్పోవడం, వరసగా గైర్హాజరు: కారణాలు ఇవే. సభ్యుడికి నోటీసు, జవాబుకు సమయం తప్పవు. నిర్ణయం నచ్చలేదన్నది కారణం కాదు.

14. మధ్యలో లోపం బయటపడితే

గడువు తీరిన సభ్యుడో, వెల్లడించని సంబంధమో బయటపడితే ఈ వరసలో వెళ్లండి:

1. ఆ రోజు నుంచే ఆ సభ్యుడికి కొత్త కేసులు ఆపండి.
2. లోపం మొదలైన తేదీ నుంచి ఆయన కూర్చున్న కేసులన్నిటి పట్టిక తయారు చేయండి: ముగిసినవి, నడుస్తున్నవి, అప్పీలులో ఉన్నవి.
3. ప్రాసిక్యూషన్‌తో సంబంధం లేని న్యాయ సలహా తీసుకోండి.
4. నడుస్తున్న కేసుల్లో రెండు పక్షాలకూ ఒకే రోజున, ఒకే మాటల్లో లేఖ రాయండి. ఒక పక్షానికి ముందు ఫోన్లో చెప్పకండి.
5. కొనసాగడానికి ఇద్దరూ ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు రాతలో తీసుకోండి. అధికారమే లేని లోపమైతే ఒప్పుకోలు దాన్ని సరిచేయదు, కొత్త బెంచి వేయాల్సిందే.
6. ముగిసిన కేసుల్లో శిక్ష పడ్డవారికి కూడా తెలియజేయండి, అప్పీలు గడువు దాటినా సరే.

ఆరోది చేయడానికి చాలామంది వెనకాడతారు, అడగనివారికి మనమెందుకు చెప్పాలని. లేఖ అందుకున్నవారిలో కొందరు అప్పీలు వేస్తారు. వేయనివ్వండి. లేఖ రాయకుండా ఉండి, వాళ్లకు ఆ సంగతి వేరే దారిన తెలిస్తే, కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది లోపానికి కాదు, దాచినందుకు.